కొలువు కావాలంటే కంప్యూటర్ వచ్చి తీరాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి కనుక, మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, వీటికే వివరంగా జవాబు రాస్తున్నాను. ముప్పై రెండేళ్లు రెవెన్యూ కార్యాలయాలలో పనిచేసి, టైపు మిషను పోయి కంప్యూటర్ వచ్చిన కాలమంతా ఆ బల్లల మధ్యే గడిపినవాణ్ని కాబట్టి, ఈ సంగతి మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

ప్రశ్న: అయ్యా, నా వయసు ముప్పై ఆరు. బి.ఏ. చదివాను. పిల్లలు కాస్త ఎదిగారని పదకొండేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. మా ఊళ్లో ఒక ప్రైవేటు పాఠశాల కార్యాలయంలో ఫీజుల లెక్క చూడడానికి, తల్లిదండ్రులతో మాట్లాడడానికి మనిషి కావాలంటే వెళ్లాను. పెళ్లికి ముందు నాలుగేళ్లు సరిగ్గా ఇదే పని చేశానని చెప్పాను. పీజీడీసీఏ (డిగ్రీ తర్వాత చేసే కంప్యూటర్ డిప్లొమా) సర్టిఫికెట్ ఉందా అని అడిగి, లేదనగానే దరఖాస్తు చదవకుండానే చేతికిచ్చేశారు. ఫోన్‌లో బ్యాంకు పనులు, కరెంటు బిల్లులు అన్నీ నేనే చూసుకుంటాను. కంప్యూటర్ రాకపోతే అసలు ఉద్యోగమే ఇవ్వకూడదనడం న్యాయమేనా?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, నంద్యాల

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. ఫీజుల లెక్క చూసే మనిషికి కంప్యూటర్ తెలియాలా అన్నది ఒకటి. ఉద్యోగం అడగడానికి గుమ్మంలో అడుగుపెట్టే రోజుకే తెలిసి ఉండాలా అన్నది ఇంకొకటి. మొదటిదానికి తెలియాలనే చెబుతాను. ఈ రోజు చిన్న బడిలో కూడా రసీదు కంప్యూటర్‌లోంచే వస్తుంది, పిల్లల వివరాలు బడుల సమాచారం కోసం ప్రభుత్వం నడిపే యూడైస్ ప్లస్‌ వెబ్‌సైటులో ఎక్కించాలి, బ్యాంకులో జమైన సొమ్మును పేరు పేరునా సరిచూసుకోవాలి. ఇవి రాకుండా ఆ కుర్చీలో ఎక్కువ రోజులు కూర్చుంటే ఆ భారమంతా పక్కవారి మీద పడుతుంది. రెండోదానికి మాత్రం అక్కర్లేదనే చెబుతాను. మీ విషయంలో ఆ పాఠశాల వారు చేసింది తప్పే, ఎందుకంటే మీకు ఏం వచ్చో వారు చూడనే లేదు.

మా కాలంలో టైపిస్టు ఉద్యోగానికి టైపు హయ్యర్ పాసై ఉండాలనేవారు. సాయంత్రం అయిదు దాటితే ప్రతి పట్టణంలోనూ ఇన్‌స్టిట్యూట్ల మేడల మీద నుంచి టకటకలు వినిపించేవి. లోయర్ అయిందా, హయ్యర్ కట్టావా అన్నది ఇంటర్ పిల్లల పలకరింపుగా ఉండేది. ఆ షరతును ఎవరూ తప్పుపట్టలేదు, ఎందుకంటే టైపు కొట్టడమే ఆ ఉద్యోగం. పైగా ఆ పరీక్ష మిషను ముందు కూర్చుని, ఇచ్చిన వ్యవధిలో, ఇచ్చిన పేజీ కొట్టి చూపేది. ఇప్పుడు ప్రతి ప్రకటన అడుగునా అచ్చవుతున్న ‘కంప్యూటర్ పరిజ్ఞానం తప్పనిసరి’ అన్న మాటకు ఆ స్పష్టత లేదు. ఏ పని చేయడానికి, ఎంత వేగంతో, ఏ భాషలో అన్నది అందులో ఉండదు. తోటమాలి ఉద్యోగానికీ ఆ వాక్యమే, గణకుడి ఉద్యోగానికీ ఆ వాక్యమే.

మా మండల కార్యాలయానికి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు అక్కడ ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేవారు. ఏ గ్రామం, ఏ సర్వే నంబరు అడిగినా, ఆ ఏడాది పొలాల లెక్క రాసిన అడంగల్ ఏ బీరువాలో ఏ అరలో ఉందో కూర్చున్న చోటు నుంచి లేవకుండా చెప్పేవారు. ఆయన మౌస్ పట్టుకుంటే చెయ్యి వణికేది. మౌస్‌ను బల్ల అంచు దాకా జరిపి, అక్కడి నుంచి ఎటు జరపాలో తెలియక మా వంక చూసేవారు. కొత్తగా చేరిన ఒక కుర్రవాడు పాఠాలేమీ చెప్పకుండా, అందులో ఉన్న పేకముక్కల ఆట తెరిచి, ‘ఎర్ర తొమ్మిదిని నల్ల పది మీదికి లాగండి సార్’ అన్నాడు. భోజనమయ్యాక అరగంట చొప్పున రెండు వారాలు ఆడేసరికి ఆ వణుకు పోయింది. మూడు నెలలు తిరిగేసరికి, ఏ భూమి ఎవరిదో చూపే 1-బి నమోదులలో తండ్రుల పేర్లు తారుమారైన చోట్లన్నీ ఆయనే పట్టుకుని సరిచేయించారు. యంత్రంలో వాటిని ఎక్కించిన పిల్లలకు ఆ కుటుంబాలు తెలియవు, ఆయనకు తెలుసు. కంప్యూటర్ రానివారు పక్కకు తప్పుకోవాలని ఆ రోజు ఎవరైనా అని ఉంటే, ఆ మండలంలో ఎందరి పొలాలు ఎవరి పేరున పడి ఉండేవో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మీకు తెలిసే ఉంటుంది గాని, ఈ షరతు ఎవరిని ఆపుతుందో లెక్కల్లో కూడా చూడవచ్చు. జాతీయ నమూనా సర్వే 75వ విడత 2017-18లో జరిగింది. అయిదేళ్లు, ఆపై వయసున్న వారిలో కంప్యూటర్ వాడగలిగినవారు గ్రామాలలో 9.9 శాతం, పట్టణాలలో 32.4 శాతమని అందులో తేలింది. కంప్యూటర్ ఉన్న ఇళ్లు గ్రామాలలో 4.4 శాతం, పట్టణాలలో 23.4 శాతం. ఆ తర్వాత ఫోన్లు ఇంటింటికీ వచ్చిన మాట నిజమే, కాని ఫోన్ మీద వేలు జరిపిన అనుభవాన్ని ఏ యజమానీ కంప్యూటర్ కింద లెక్కవేయడం లేదని మీ ఉత్తరమే చెబుతోంది. గుమ్మం దగ్గరే ఈ ప్రశ్న వేస్తే ఆగిపోయేది పల్లెవారు, ఇంటి బాధ్యతలతో కొన్నేళ్లు ఉద్యోగానికి దూరమైన ఆడవారు, ఇంట్లో కంప్యూటర్ కొనే స్తోమత లేక చదువుకున్నవారు. వారిలో పని తెలిసినవారు ఎందరున్నా ఆ ప్రశ్నకు కనబడరు.

అంతటి కష్టమైన విద్యా ఇది? గ్రామీణ కుటుంబాలకు ఈ ప్రాథమిక జ్ఞానం నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ మొదలుపెట్టింది. 6 కోట్ల మంది లక్ష్యంగా పెట్టుకున్న ఆ పథకంలో పాఠం మొత్తం కలిపి ఇరవై గంటలు. యంత్రం తెరవడం, ఇంటర్నెట్‌లో వెతకడం, మెయిల్ పంపడం, ప్రభుత్వ సేవలు వాడుకోవడం, డబ్బు చెల్లించడం అన్నీ అందులోనే ఉండేవి. ఇరవై గంటలలో పునాది పడే విద్య రాలేదని, నాలుగేళ్ల పని అనుభవం ఉన్న మనిషిని వెనక్కి పంపడం యజమానికే నష్టం. లెక్క తేడా వచ్చినప్పుడు కంగారు పడకుండా వెతకడం, ఫీజు కట్టలేక తలదించుకుని నిలబడిన తండ్రితో మర్యాదగా మాట్లాడడం ఇరవై గంటలలో వచ్చేవి కావు.

సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాలి. ఐబీపీఎస్ నిర్వహించే బ్యాంకు గుమాస్తా ఉద్యోగాలకు కంప్యూటర్ తెలిసి ఉండాలన్న నియమం ఉంది, కాని కోర్సు సర్టిఫికెట్ ఉన్నా, పాఠశాలలోనో కళాశాలలోనో కంప్యూటర్ ఒక సబ్జెక్టుగా చదివినా అది నెరవేరినట్టే. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 ఉద్యోగాలకు పెట్టిన పద్ధతి వేరు. రాతపరీక్షలో నెగ్గినవారు నియామకానికి ముందు కంప్యూటర్ ప్రావీణ్య పరీక్ష రాయాలి. జనరల్ వారికి 40, బీసీలకు 35, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 30 శాతం మార్కులు వస్తే చాలు, ఆ మార్కులు ర్యాంకులో కలవవు. కేంద్రంలో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇంటర్ స్థాయి గుమాస్తాలను ఇంగ్లిష్‌లో నిమిషానికి 35 మాటల వేగంతో కొట్టమంటుంది. ఈ మూడింటిలో చివరి రెండూ నాకు నచ్చుతాయి, ఎందుకంటే అవి చేతిని చూస్తాయి.

చేతిని చూడకపోతే ఏమవుతుందో మా కార్యాలయంలోనే చూశాను. రెండు సర్టిఫికెట్లున్న ఆపరేటరును తీసుకున్నారు. అతను ఒక ముఖ్యమైన తెలుగు నివేదికను అను ఫాంటులో కొట్టి జిల్లా కార్యాలయానికి మెయిల్ చేశాడు. అక్కడి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. తెరిస్తే పేజీ నిండా ఇంగ్లిష్ అక్షరాలూ కామాలూ కలగాపులగంగా కనిపించాయి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది, పదకొండు గ్రామాల నష్టపరిహారం జాబితాను మళ్లీ మొదటి నుంచి కొట్టవలసి వచ్చింది. యూనికోడ్ అంటే ప్రపంచ భాషల అక్షరాలకు అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంకేతాలిచ్చే పద్ధతి అని, 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కిందని, అందులో కొడితే ఏ యంత్రంలోనైనా అదే తెలుగు కనిపిస్తుందని ఆ కుర్రవాడికి ఏ కోర్సులోనూ ఎవరూ చెప్పలేదు. తెలుగులో నడిచే కార్యాలయానికి మనిషిని తీసుకుంటూ తెలుగు కొట్టడం వచ్చా అని అడగకపోవడం మన ప్రకటనలలో ఉన్న పెద్ద లోపం.

ఇక మీరు చేయవలసింది. మీ దగ్గరలో ఎవరి కంప్యూటరైనా రోజూ గంటసేపు దొరికేలా చూసుకోండి. ఇంటర్నెట్ సెంటరైనా సరే. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు అక్షరాల అమరిక ఉన్న కీబోర్డుతో యూనికోడ్ తెలుగులో అరపేజీ ఉత్తరం కొట్టడం, ఎక్సెల్‌లో ఒక తరగతి ఫీజుల పట్టిక వేసి మొత్తం కట్టి బాకీ ఉన్నవారిని పైకి తెచ్చుకోవడం, కాగితాన్ని స్కాన్ చేసి మెయిల్‌కు జతచేయడం, ఈ మూడూ చేతికి వచ్చే దాకా చేయండి. తర్వాత దరఖాస్తులో ‘కంప్యూటర్ తెలుసు’ అని రాయకుండా ఈ మూడు పనులనూ పేరుపెట్టి రాసి, మీ ఎదుటే చేసి చూపుతానని కింద చేర్చండి. పాత పాఠశాలలో మీరు చూసిన లెక్క ఎంతమంది పిల్లలదో, ఎన్నేళ్లు చూశారో అన్నింటికంటే పైన రాయండి.

ప్రశ్న: అయ్యా, మాది ఎరువులు, పురుగుమందుల దుకాణం. ఇరవై ఆరేళ్లుగా మా దగ్గర ఉన్న గుమాస్తా గారు వచ్చే ఉగాదికి మానేస్తానంటున్నారు. కొత్తవారి కోసం ప్రకటన ఇవ్వాలి. కంప్యూటర్ వచ్చినవారే రావాలని రాయిద్దామని మా అబ్బాయి అంటాడు. అలా వచ్చేవారికి యూరియాకూ డీఏపీకీ తేడా తెలియకపోతే ఎలా అని నా దిగులు. చట్టప్రకారం ఏమైనా షరతు పెట్టవచ్చా? ఏమి పెట్టమంటారు?
– ఒక వ్యాపారి, మిర్యాలగూడ

జవాబు: మీ అబ్బాయి చెప్పిందాంట్లో న్యాయం ఉంది. మీ దుకాణంలో తెర లేకుండా బస్తా కదలదు. ఎరువుల సబ్సిడీ పద్ధతి 2018 మార్చి నాటికి దేశమంతటా మారి, రైతు ఆధార్‌తో పీఓఎస్ మిషన్‌లో అమ్మకం నమోదైన తర్వాతే కంపెనీకి సబ్సిడీ అందుతోంది. మిషన్‌లో ఉన్న నిల్వకూ గోదాములో ఉన్న బస్తాలకూ పొంతన లేకపోతే తనిఖీకి వచ్చిన అధికారికి జవాబు చెప్పవలసింది మీరే. 2017 జులై నుంచి జీఎస్టీ, 2018 నుంచి యాభై వేల రూపాయలు దాటిన సరుకు రవాణాకు ఈ-వే బిల్లు వచ్చాయి. కాబట్టి మొదటి వారం నుంచే కంప్యూటర్ ముందు కూర్చోవలసిన ఉద్యోగమిది, ఆ షరతు మీరు పెట్టవచ్చు. ఒక ఉద్యోగానికి ఏ అర్హతలు కావాలో నిర్ణయించుకోవలసింది నియమించేవారేనని 2019లో మహారాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

అయితే ఆ నిర్ణయానికి మీకు మీరే ఒక హద్దు గీసుకోవాలని కోరుతున్నాను. దీని మీద అమెరికాలో ఒక ప్రసిద్ధమైన కేసు ఉంది. ఉత్తర కరోలినాలో డ్యూక్ పవర్ అనే విద్యుత్ కంపెనీ, మోతపని విభాగం తప్ప మిగిలిన విభాగాలలో చేరాలంటే హైస్కూలు పట్టా ఉండాలని, 1965 నుంచి రెండు రాతపరీక్షలు కూడా నెగ్గాలని నియమం పెట్టింది. నల్లవారికీ తెల్లవారికీ పాఠశాలలు వేరువేరుగా ఉన్న ఆ ప్రాంతంలో ఆ నియమం నల్లజాతి కార్మికులను ఎక్కువగా ఆపింది. 1971లో అక్కడి సుప్రీంకోర్టు ఆ షరతులు చెల్లవని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. నియమం రాకముందు పట్టా లేకుండా ఆ విభాగాలలో చేరినవారు అప్పటికీ చక్కగా పనిచేస్తున్నారన్న సంగతిని న్యాయమూర్తులు గమనించారు. పనితో సంబంధం చూపలేని అర్హత అర్హత కాదన్నారు. ఆ చట్టం మనకు వర్తించదు గాని, ఆ పరిశీలన మీ దుకాణంలోనే మీరు చేయవచ్చు. మీ గుమాస్తా గారు ఏ సర్టిఫికెట్‌తో పీఓఎస్ మిషన్ నేర్చుకున్నారు? అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న ఆయన నేర్చుకోగలిగినప్పుడు, పాతికేళ్ల మనిషికి పీజీడీసీఏ ఎందుకు?

అందువల్ల ప్రకటనలో కోర్సు పేర్లు వద్దు. ‘బిల్లులు, నిల్వ, జీఎస్టీ వివరాలు కంప్యూటర్‌లో చూడాలి, వచ్చినవారికి అక్కడే చిన్న పరీక్ష ఉంటుంది, లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేరు రాకపోతే నేర్పుతాము’ అని రాయించండి. వచ్చినవారిని మీ బల్ల ముందే కూర్చోబెట్టి, నిన్నటి పది బిల్లులు ఇచ్చి, ఎక్సెల్‌లో ఊరి వారీగా వేరుచేసి మొత్తం చెప్పమనండి. అందులో ఒక బిల్లులో కావాలని తప్పు పెట్టండి: 45 కిలోల యూరియా బస్తాలు ఇరవై అని ఉన్న చోట బరువు వెయ్యి కిలోలని రాయండి. తొమ్మిది వందలే కదా అని ఆగి అడిగిన మనిషి మీకు కావాలి. గబగబా కొట్టేసి, తప్పును కూడా శుభ్రంగా ఎక్కించేసిన మనిషికి వేగం ఉంది, అంతే.

ఇంకొక ప్రశ్న తప్పకుండా అడగండి, దీన్ని ఎవరూ అడగరు. ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని, దుకాణం ఖాతా ఆగిపోయిందని, ఓటీపీ చెప్పమని ఫోన్ వస్తే ఏం చేస్తావు?’ చెప్పను, ముందు మీకు చెబుతాను అన్నవారికి నేనైతే పది మార్కులు ఎక్కువ వేస్తాను. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలని కూడా తెలిసిన మనిషి దొరికితే మీ అదృష్టం. పాస్‌వర్డును కాగితం మీద రాసి తెరకు అంటించే అలవాటు ఉన్న కార్యాలయాలు ఎన్నో చూశాను, అక్కడ అందరి దగ్గరా సర్టిఫికెట్లు ఉన్నాయి.

మీ గుమాస్తా గారు మానేసేలోపు రెండు నెలలైనా కొత్తవారు ఆయన పక్కన కూర్చునేలా చేసుకోండి. ఆ రెండు నెలల జీతం దండగ అనిపిస్తుంది గాని, ఏ రైతు ఎప్పుడు అప్పు తీరుస్తాడో, ఏ కంపెనీ సరుకు ఎప్పుడు ఆలస్యమవుతుందో ట్యాలీలో ఉండదు.

ప్రశ్న: నమస్కారం. మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. ఎం.ఏ. పాసైంది, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ బాగా వాడుతుంది. ఒక ప్రైవేటు సంస్థలో ఇంటర్వ్యూకు పిలిచి, కంప్యూటర్ పరీక్షలో మౌస్‌తో చేయవలసిన పనులున్నాయి, ఆమెకు కుదరదని పంపేశారు. మేము ఏం చేయగలం?
– ఒక తండ్రి, శ్రీకాకుళం

జవాబు: మీ అమ్మాయికి కంప్యూటర్ వచ్చు. రానిది ఆ పరీక్ష తయారుచేసినవారికి. మౌస్‌తో చేసే కార్యాలయపు పనులలో దాదాపు అన్నీ కీబోర్డుతో చేయవచ్చు. ఆస్ట్రేలియాకు చెందిన చూపులేని ఒక యువకుడు 2006లో మొదలుపెట్టిన ఎన్వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగానే దొరుకుతుంది, దానితో వచ్చే గొంతు తెలుగు కూడా చదువుతుంది. దాన్ని తమ కంప్యూటర్‌లో పెట్టుకోవడానికి ఆ సంస్థకు పట్టే సమయం పది నిమిషాలు.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఉద్యోగంలో వివక్ష చూపరాదు, తగిన సౌకర్యాలు కల్పించాలి. వాటి ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ ఉంది, అందులో 1 శాతం చూపు లేనివారికి, చూపు తక్కువగా ఉన్నవారికి. ప్రైవేటు సంస్థలకు ఆ రిజర్వేషన్ వర్తించకపోయినా, ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని అదే చట్టం చెబుతోంది. ముందుగా ఆ విధానం ప్రతిని అడుగుతూ, స్క్రీన్ రీడర్‌తో మళ్లీ పరీక్ష పెట్టమని అమ్మాయి చేతే మెయిల్ రాయించండి. జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఇకపై పంపే ప్రతి దరఖాస్తులోనూ రెండు వాక్యాలు ముందే చేర్చండి. పరీక్ష రాసే కంప్యూటర్‌లో ఎన్వీడీఏ ఉండాలన్నది మొదటిది. ప్రశ్నపత్రం తెలుగులో ఉంటే అది యూనికోడ్‌లోనే ఉండాలన్నది రెండోది. పైన నంద్యాల పాఠకురాలికి రాసిన జవాబులో చెప్పిన పాత ఫాంట్లలో ప్రశ్నలు ఇస్తే స్క్రీన్ రీడర్‌కు అవి తెలుగుగా వినిపించవు, మీ అమ్మాయికి జవాబులన్నీ తెలిసి కూడా ఆ పేజీ ఆమెకు అందదు.